మందులు వాడుతున్నా షుగరు ఎందుకు పెరుగుతోంది? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా షుగరు డాక్టరు గది ముందు అరగంట కూర్చున్నవారికి ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "బిళ్లలు వేళకు వేసుకుంటూనే ఉన్నానండీ, అయినా పెరుగుతూనే ఉంది." ఆ మాట అన్నవారిలో కొందరి విషయంలో పరీక్షే తప్పుదారి పట్టిస్తూ ఉంటుంది. కొందరికి మందు వేళకూ తిండి వేళకూ పొంతన ఉండదు. కొందరికి మరో మందో, మరో జబ్బో షుగరును ఎగదోస్తూ ఉంటుంది. మిగిలినవారిలో అసలు జబ్బే ఇంకో మెట్టు ఎక్కి ఉంటుంది. ఈ నాలుగింటికీ ఒకటే మందు పనిచేయదు కనుక, మోతాదు పెంచే ముందు కారణం తేల్చుకోవాలి. ఇక్కడి సమాధానాలు టైప్ 2 మధుమేహం ఉన్న పెద్దవారి కోసం రాసినవి; గర్భిణులకూ, టైప్ 1 ఉన్నవారికీ లెక్కలు వేరు.

పరగడుపున 160 వచ్చింది. మందు పనిచేయడం లేదనుకోవాలా?

ఒక్క అంకెను చూసి అలా అనుకోకూడదు. చాలామంది పెద్దవారికి పరగడుపున 80 నుంచి 130 వరకు, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు ఉండేలా డాక్టర్లు గురి పెట్టుకుంటారు. వయసు మీరినవారికి, గుండె జబ్బో మూత్రపిండాల జబ్బో ఉన్నవారికి, తరచూ లో షుగర్ అయ్యేవారికి ఆ గురిని కొంత సడలిస్తారు. ముందురోజు పెళ్లి భోజనం చేసి వచ్చి మర్నాడు 160 చూసి కంగారు పడటంలో అర్థం లేదు. వరుసగా వారం పది రోజులు, ఎక్కువ సార్లు గురి దాటుతుంటేనే దానిని పెరుగుదల అనాలి.

ఇంట్లో చూసుకునే గ్లూకోమీటరుకూ ల్యాబు ఫలితానికీ మధ్య పదిహేను శాతం వరకు తేడా ఉండవచ్చునని అంతర్జాతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది. అంటే మీటరు 160 చూపినప్పుడు అసలు విలువ 140 కావచ్చు, 185 కూడా కావచ్చు. స్ట్రిప్పుల డబ్బా మూత వదులుగా ఉన్నా, గడువు దాటినా, డబ్బాను పొయ్యి పక్క గట్టు మీద వదిలేసినా ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మామిడి పళ్ల రోజుల్లో ఒక పెద్దావిడ నూజివీడు రసాలు పిండి, చేతిని చీర చెంగుకు తుడుచుకుని, అదే వేలు గుచ్చుకుని చూసుకున్నారు. మీటరు 310 చూపింది. కోడలు సబ్బుతో చేయి కడిగించి, పొడిగా తుడిచి, మళ్లీ చూస్తే 172. వేలి మీద మిగిలిన పండు రసం కూడా రక్తంలో కలిసి లెక్కకు వస్తుంది. దానిని పోగొట్టడానికి స్పిరిట్ దూది ఒక్కటే చాలదు, నీళ్లతో కడగాలి.

హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎందుకు? రోజూ చూసుకుంటున్నాం కదా?

రోజువారీ పరీక్ష ఆ నిమిషం సంగతి చెబుతుంది, హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది. 7 శాతం అంటే సగటున 154, 8 అంటే 183, 9 అంటే 212 అని లెక్క. చాలామందికి 7 కంటే తక్కువ ఉండాలని కోరుకుంటారు. పరగడుపు అంకెలు బాగానే ఉండి ఇది 8.5 వచ్చిందంటే, భోజనాల తరువాత పెరుగుదల మీ కంటపడకుండా పోతోందని అర్థం.

అయితే ఈ పరీక్షకూ ఒక బలహీనత ఉంది. ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనతలో అది ఉన్నదానికంటే ఎక్కువగా రావచ్చు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవారిలోనూ, ఎర్ర రక్తకణాలు త్వరగా నశించే జబ్బులున్నవారిలోనూ నమ్మదగినదిగా ఉండదు. మన ఇళ్లలో ఆడవారికి రక్తం తక్కువగా ఉండటం కొత్త విషయమేమీ కాదు కాబట్టి, రోజువారీ అంకెలకూ హెచ్‌బీఏ1సీకీ పొంతన కుదరనప్పుడు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవడం మంచిది.

రక్తపరీక్ష రోజు మాత్ర మానేయాలా?

పరగడుపు రక్తం ఇచ్చేవరకు టిఫిన్‌తో వేసుకోవలసిన మాత్ర ఆపితే చాలు. ఆ తరువాత రోజూ తినే టిఫినే తిని, రోజూ వేసుకునే మాత్రే వేసుకుని, మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టి రెండు గంటలకు రెండోసారి రక్తం ఇవ్వాలి. ముందురోజు రాత్రి మందు మానడం, పరీక్షకు నాలుగు రోజుల ముందు నుంచి మాత్రమే పథ్యం చేయడం, ఈ రెండూ డాక్టరుకు మీ ఇంట్లో జరగని సంగతిని చూపిస్తాయి.

తిండి మార్చలేదు, మందు మానలేదు. పదేళ్లు అదుపులో ఉన్నది ఇప్పుడెందుకు పెరిగింది?

ఈ ప్రశ్న అడిగేవారిలో సగంమంది తమ మీద తామే నేరం మోపుకుంటారు, మిగిలిన సగంమంది మీద ఇంట్లోవాళ్లు మోపుతారు. నిజానికి టైప్ 2 మధుమేహం కాలంతో పాటు ముదిరే జబ్బు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు ఏటికేడు కొంత శక్తి కోల్పోతాయి. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన యూకేపీడీఎస్ అనే సుదీర్ఘ అధ్యయనం ప్రకారం, జబ్బు బయటపడే నాటికే ఆ కణాల పనితనం దాదాపు సగానికి పడిపోయి ఉంటుంది, ఆ తరువాత కూడా తగ్గుతూనే పోతుంది. మొదట్లో ఒక్క మెట్‌ఫార్మిన్‌తో సరిపోయినవారికి కొన్నేళ్లకు రెండో మందు, ఆపై మూడోది అవసరం కావడానికి ఇదే ముఖ్య కారణం.

కాబట్టి మందు పెరగడం మీ ఓటమి కాదు. అలాగని అన్నిటినీ జబ్బు ముదరడం మీదికి నెట్టేయడమూ సరికాదు. పదేళ్లలో మీ బరువు ఆరు కిలోలు పెరిగి ఉండవచ్చు, ఉద్యోగ విరమణతో నడక తగ్గి ఉండవచ్చు, రాత్రి నిద్ర నాలుగైదు గంటలకు పడిపోయి ఉండవచ్చు. గట్టిగా గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగిపోతున్నట్టు ఉలిక్కిపడి లేచేవారిలో షుగరు కూడా మొండికేస్తుంది. ఇవన్నీ చూసిన తరువాతే జబ్బు ముదిరిందన్న నిర్ణయానికి రావాలి. వచ్చిన తరువాత మాత్రం "ఇంకో ఆరు నెలలు చూద్దాం" అని నాన్చకూడదు.

మాత్రలు వేసుకుంటే చాలదా? వేళతో అంత పని ఏమిటి?

మాత్రలన్నీ తెల్లగా, గుండ్రంగా ఒకేలా కనబడినా ఒక్కొక్కటి ఒక్కో తీరుగా పనిచేస్తుంది. మెట్‌ఫార్మిన్ కాలేయం నుంచి అదనంగా వచ్చే చక్కెరను తగ్గిస్తుంది. కడుపులో వికారం రాకుండా భోజనంతో వేసుకోవాలి, నెమ్మదిగా కరిగే రకమైతే నలగ్గొట్టకూడదు. గ్లైమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి క్లోమాన్ని అదిలించి ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి, కనుక అవి వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు. వోగ్లిబోస్‌ను మొదటి ముద్దతో వేసుకోవాలి. భోజనమంతా అయ్యాక గుర్తొచ్చి వేసుకుంటే దాని పని దాదాపు వృథా.

గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేసే ఒకాయన సంగతి చెబితే ఇది బాగా అర్థమవుతుంది. సీజనులో ఆయన ఆరింటికల్లా గ్లైమిపిరైడ్ మాత్ర వేసుకుని, ఒక టీ తాగి బయలుదేరేవారు. వేలం, కాటా, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క ముగిసేసరికి పదకొండయ్యేది. ఆ వేళకు చేతులు వణకడం, చెమటతో చొక్కా తడిసిపోవడం. అది మిర్చి ఘాటు, ఎండ అనుకుని రెండు చక్కెర టీలు, ఒక ప్లేటు బజ్జీలు తీసుకునేవారు. ఒంటిగంటన్నరకు ఇంటికెళ్లి ఆకలి మీద రెట్టింపు అన్నం. సాయంత్రం ల్యాబులో 290. ఆ అంకె చూసి మాత్ర 1 మిల్లీగ్రాము నుంచి 2కు పెంచితే, వణుకు పదింటికే మొదలైంది, సాయంత్రం అంకె మాత్రం తగ్గలేదు. చివరికి వణుకు వచ్చిన వేళకే వేలు గుచ్చి చూడమంటే 58 వచ్చింది. ఆయనకు షుగరు పెరగడానికి కారణం అంతకుముందు అది పడిపోవడం. డాక్టరు మాత్రను మళ్లీ 1కి దించి, దానిని ఇంట్లో తిని బయలుదేరే రెండు ఇడ్లీలకు జతచేశారు. రెండు నెలల్లో సాయంత్రం అంకె 190 దగ్గరకు వచ్చింది. ఆయనకు తగ్గించవలసిన మందును పెంచుకుంటూ పోయారన్నమాట. ఇలాంటివారు మన రెండు నగరాల్లో యార్డుల్లో, బస్టాండుల్లో, బట్టల దుకాణాల్లో ఎందరో ఉంటారు.

షుగరు 70 కంటే పడిపోతే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. వోగ్లిబోస్ వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, ఎందుకంటే పంచదార విడిపోవడాన్ని ఆ మందే ఆపుతుంది. వారి జేబులో గ్లూకోజే ఉండాలి.

రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున్నే ఎక్కువ వస్తోంది. అది ఎక్కడి నుంచి వస్తోంది?

మీ కాలేయం నుంచి. తెల్లవారుజామున శరీరం మేలుకోవడానికి సిద్ధపడుతూ కొన్ని హార్మోన్లు విడుదల చేస్తుంది, వాటి ప్రభావంతో కాలేయం నిల్వ ఉన్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ చాలినంత లేనివారిలో అది అలాగే ఉండిపోతుంది. రాత్రి ఏమీ తినకుండా పడుకోవడం దీనికి విరుగుడు కాదు. పది దాటాక భోంచేసి వెంటనే పడుకునే అలవాటుంటే దానిని ఎనిమిదికి జరిపి, తిన్నాక పావుగంట వీధిలో నడిచి చూడండి. కొందరికి ఈ ఒక్క మార్పే కనబడేంత తేడా తెస్తుంది. ఇన్సులిన్ వాడేవారు ఒకటి రెండు రోజులు తెల్లవారుజామున మూడింటికి కూడా చూసుకోవాలి. అప్పుడు తక్కువ ఉంటే డాక్టరు మందును ఒక రకంగా మారుస్తారు, ఎక్కువ ఉంటే మరో రకంగా.

అన్నం మానేసి చపాతీ, రాగి జావలోకి మారాలా?

కృష్ణా డెల్టాలో పుట్టినవారిని అన్నం మానమనడం తేలిక, వారు మానడం కష్టం. మానినా రెండో వారానికి మళ్లీ మొదలవుతుంది. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం డెబ్బై ఎనిమిది గ్రాముల దాకా ఉంటుంది, గోధుమ పిండిలోనూ అంతకు మరీ తక్కువేమీ ఉండదు. ఒక గుండ్రని గరిటె అన్నం మాని నాలుగు చపాతీలు తింటే మిగిలేది శ్రమే. రాగి మంచిదే కానీ, మెత్తని పిండిని పల్చగా కాచి గ్లాసుతో తాగితే నమలవలసిన పని లేక త్వరగా రక్తంలోకి చేరుతుంది. అదే రాగిని ముద్దగా, కూరతో తింటే కొంత నయం. బాపట్లలో రూపొందిన బీపీటీ 5204, అంటే మనం సాంబా మసూరి అనే బియ్యం, మన కంచాల్లో ఎక్కువగా కనబడేది. ఏ రకం బియ్యం తక్కువ వేగంగా చక్కెరగా మారుతుందన్న చర్చ కంటే, కంచంలో అది ఎంత జాగా ఆక్రమించిందన్నదే నా దృష్టిలో ముఖ్యం.

కంచంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు అన్నం ఉంటే చాలు. కూర, పప్పు ముందు తిని అన్నం తరువాత తింటే భోజనానంతర పెరుగుదల తగ్గుతుంది. మన భోజనంలో అసలు ఇబ్బంది ముద్దకో పచ్చడి, ఆవకాయ వల్ల వస్తుంది. పచ్చడిలో చక్కెర లేకపోయినా అది మరో రెండు ముద్దలను లాక్కుపోతుంది, ఉప్పుతో రక్తపోటు పెంచడం అదనం.

మోకాలి నొప్పికి ఇంజెక్షన్ చేయించుకున్నాక షుగరు 350 అయింది. సంబంధం ఉందా?

ఉంది. కీలులోకి ఇచ్చేవి చాలావరకు స్టెరాయిడ్లు, వాటి వల్ల కొన్ని రోజులపాటు, కొందరిలో వారం దాటి కూడా షుగరు ఎగబాకుతుంది. ఆయాసానికి, చర్మ వ్యాధులకు, కీళ్లవాతానికి ఇచ్చే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ కూడా అంతే. వీటితో ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు పెరుగుతుంది కనుక పరగడుపు పరీక్ష ఒక్కటే చూస్తే దొరకదు. అవసరమైన స్టెరాయిడును మానమని ఎవరూ అనరు, కానీ ఇచ్చే డాక్టరుకు మీకు షుగరు ఉందని ముందే చెబితే ఆ నాలుగు రోజులకు మందు సర్దుతారు. పొట్లం మీద పేరు లేని నొప్పుల పొడులు, ఆయాసం మందులు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అటువంటి వాటిలో స్టెరాయిడు కలిపి అమ్మడం పలుచోట్ల బయటపడింది.

ఇంకే జబ్బులు లోపల దాగి ఉండవచ్చు?

ఉన్నట్టుండి పెరిగితే ముందు ఇన్ఫెక్షన్‌ను వెతకాలి. మూత్రంలో మంట, పాదాల వేళ్ల సందుల్లో పుండు, చిగుళ్ల వాపు, రెండు వారాలు దాటిన దగ్గు, ఇవి అందులో ముఖ్యమైనవి. మధుమేహం ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి దగ్గుతో పాటు సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే కఫం పరీక్ష వాయిదా వేయకూడదు.

సన్నగా ఉన్నవారిలో మాత్రలు త్వరగా చాలకుండా పోతే, అది నెమ్మదిగా వచ్చే టైప్ 1 రకమేమోనని గ్యాడ్ యాంటీబాడీ, సీ పెప్టైడ్ అనే రక్తపరీక్షలు చేయిస్తారు. యాభై దాటినవారిలో కారణం లేకుండా బరువు పడిపోతూ షుగరు పెరుగుతుంటే క్లోమానికి స్కానింగు అడగడం అతి జాగ్రత్త కాదు.

ఇన్సులిన్ తీసుకుంటున్నా 250 దిగడం లేదు. ఎందుకు?

ముందు పొట్టను తడిమి చూసుకోండి. రోజూ ఒకే చోట సూది వేసుకునేవారికి బొడ్డు పక్కన చర్మం కింద కుంకుడుకాయంత, కొందరికి నిమ్మకాయంత మెత్తని గడ్డ తగులుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది, కానీ ఆ కొవ్వులోకి దిగిన ఇన్సులిన్ ఒకరోజు ఒకలా, మరోరోజు మరోలా రక్తంలో కలుస్తుంది. చోటు మార్చాలి; మార్చినప్పుడు ఇన్సులిన్ ఒక్కసారిగా బాగా పనిచేసి లో షుగర్ కావచ్చు కాబట్టి డాక్టరుకు చెప్పి మోతాదు సరిచూసుకోవాలి.

రెండోది సిరంజి. మన దేశంలో సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లదానికి నారింజ మూత. ఒకదాని సిరంజితో మరొకటి తీసుకుంటే మోతాదు రెండున్నర రెట్లు తారుమారవుతుంది.

మూడోది మన ఎండ. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ తలుపు అరలో ఉండాలి, గడ్డకట్టే అరలో కాదు. వాడుతున్న సీసాను గది వేడిమిలో సుమారు నాలుగు వారాలు ఉంచవచ్చునని చెబుతారు కానీ, ఆ గది వేడిమి 25, 30 డిగ్రీలని వారి ఉద్దేశం. మే నెలలో 45 డిగ్రీలను తాకే విజయవాడ రేకుల ఇల్లు కాదు. ఫ్రిజ్ లేనివారు పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, అందులో సీసాను పెట్టి గుడ్డ కప్పితే బాగా చల్లగా ఉంటుంది. ఎండలో ఆపిన స్కూటరు డిక్కీలో మాత్రం పావుగంట కూడా వదలవద్దు.

ఇన్సులిన్ మొదలుపెడితే ఇక చివరి దశేనా? వేరే దారి లేదా?

కాదు. ఆపరేషన్‌కు, ఇన్ఫెక్షన్‌కు కొన్నాళ్లు వాడి మళ్లీ మాత్రలకు వచ్చినవారు ఎందరో ఉన్నారు. ఇన్సులిన్ కంటే ముందు ప్రయత్నించదగినవి కూడా ఉన్నాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపుతాయి, గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేస్తాయి. వాటిని వాడేవారి మూత్రపరీక్షలో చక్కెర ఎప్పుడూ కనబడుతుంది, దానికి బెదరనక్కర్లేదు, మర్మావయవాల దగ్గర దురద వస్తే మాత్రం చెప్పాలి. సెమాగ్లూటైడ్ వంటివి బరువు కూడా తగ్గిస్తాయి కానీ ఖరీదు ఎక్కువ. ఏది ఎవరికన్నది మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ అంకెలు చూసి నిర్ణయిస్తారు. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ ఆపేస్తారు. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 విటమిన్ తగ్గిపోవచ్చు కాబట్టి దానిని కూడా చూపించుకోవాలి. అరికాళ్ల మంటలన్నీ షుగరు వల్ల వచ్చినవి కావు, కొన్ని ఆ విటమిన్ లోపం వల్ల వస్తాయి.

కాకరకాయ రసం, మెంతులు, పొడపత్రి వాడవచ్చా?

నానబెట్టిన మెంతులు కొంత సాయపడతాయి, కాకరకాయ కూరగా బాగుంటుంది. మాత్ర స్థానంలో పెట్టడానికి ఇవేవీ చాలవు. వాడితే డాక్టరుకు చెప్పి వాడండి.

అయ్యప్ప, భవానీ దీక్షల్లో, రంజాన్‌లో మందులు ఎలా?

దీక్ష మొదలుపెట్టడానికి కొన్ని వారాల ముందే డాక్టరును కలవాలి. ఒంటిపూట భోజనంలో గ్లైమిపిరైడ్, ఇన్సులిన్ మోతాదులు ఎప్పటిలాగే ఉంచితే పగలు పడిపోయి, భిక్షలో రోజు మొత్తానికి సరిపడా తిన్నాక పెరుగుతుంది. ఇఫ్తార్ తరువాత జరిగేదీ ఇదే. అన్నిటికంటే పెద్ద భయం పాదాల గురించి. స్పర్శ తగ్గిన కాళ్లతో ఇంద్రకీలాద్రి చుట్టూ చెప్పులు లేకుండా నడిచినవారికి గాజుపెంకు దిగినా తెలియదు. రోజూ రాత్రి కాళ్లు కడుక్కుని, అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోవాలి, లేదా ఇంట్లోవారిచేత చూపించుకోవాలి. స్పర్శ బాగా పోయినవారు మెత్తని గుడ్డ చెప్పులకు గురుస్వామి అనుమతి అడగడంలో తప్పులేదు.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

షుగరు 300 దాటి దిగకుండా ఉండి, వాంతులు, కడుపునొప్పి, వేగంగా లోతైన ఊపిరి, మగత, విపరీతమైన దాహం వీటిలో ఏది కనబడినా ఆగకూడదు. డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులు వాడేవారికి 200 ఉన్నప్పుడు కూడా ఈ ప్రమాదం (రక్తంలో ఆమ్లాలు పేరుకునే కీటోయాసిడోసిస్) రావచ్చు, అందుకే వాంతులైనా తిండి పూర్తిగా మానినా ఆ మాత్ర ఆపి డాక్టరుకు ఫోను చేయాలి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో ఇరవైనాలుగు గంటలూ అత్యవసర విభాగం ఉంటుంది; ఇల్లు దూరమైతే 108కి ఫోను చేయండి.

డాక్టరును కలిసేటప్పుడు ఏమేమి తీసుకెళ్లాలి?

పాత చీటీల కట్ట కంటే, మీరు నిజంగా వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు పడుతుండటం, మరో మందు మూడు నెలల క్రితమే అయిపోయి కొనకపోవడం ఆ సంచిలోనే బయటపడతాయి. డబ్బు సరిపోక రోజు విడిచి రోజు వేసుకుంటున్నట్టయితే ఆ మాట దాచకండి. అదే మందు జన ఔషధి దుకాణంలో తక్కువ ధరకు దొరకవచ్చు. దాంతోపాటు వారం రోజుల లెక్క రాసిన ఒక కాగితం ఉండాలి: ఎన్నింటికి మాత్ర, ఎన్నింటికి తిండి, ఏమి తిన్నారు, ఎన్నింటికి ఎంత వచ్చింది. మీటరును కూడా వెంట తీసుకెళ్లి, ల్యాబులో రక్తం ఇచ్చిన నిమిషంలోనే దానితోనూ ఒకసారి చూసుకోండి. రెండు అంకెలూ పక్కపక్కన రాయించుకోండి.